సోమవారాలు ఆగే కారు

మా కోడలు ప్రవీణ ఎక్కితే మా కారు ఆగిపోతుందని 1999 వేసవిలో తెల్లాపూర్‌లోని మా వీధి మొత్తానికి తెలుసు. పాలు పోసే కిష్టమ్మకు తెలుసు. ఇస్త్రీ బండి అతనికి తెలుసు. నా భార్య సుబ్బలక్ష్మికీ, వేసవికి తెనాలి నుంచి వచ్చిన ఆమె అక్క శారదమ్మగారికీ తెలుసు. తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. ముప్పై ఒక్క సంవత్సరాలు కళాశాలలో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన మనిషికి ఇటువంటివి అంత తొందరగా తెలియవు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఆ వదంతికి సాక్ష్యం ఉంది. వదంతులన్నీ సాక్ష్యం లేకుండానే పుడతాయనుకోవడం మా బోటివాళ్ల బలహీనత.

ప్రవీణది నంద్యాల. ఆ మాఘమాసంలోనే మా అబ్బాయి శ్యామ్‌తో పెళ్లయింది. మార్చిలో, మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి భవనంలో ఉద్యోగం వచ్చింది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయని లోకమంతా బెంగపడుతున్న రోజులవి. పాత ప్రోగ్రాములను పరీక్షించి తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఆమె పని. మిగతా రోజుల్లో బస్సులో వెళ్లేది. సోమవారాలు మాత్రం ఏడున్నరకే సమావేశం ఉండేది, ఆ వేళకు అందే బస్సు లేదు. శ్యామ్ బేగంపేటలో రాత్రి డ్యూటీ ముగించుకుని ఎనిమిదికి గాని ఇల్లు చేరడు. కనుక సోమవారాలు నా పాత ఫియట్‌లో నేను దింపేవాణ్ణి. ఆదివారం సాయంత్రమే బంకుకు వెళ్లి, టాంకు అంచు దాకా పెట్రోలు పోయించి సిద్ధంగా ఉంచేవాణ్ణి. కొత్త కోడలిని నడిరోడ్డు మీద నిలబెట్టకూడదు కదా.

మొదటి వారాల్లో కారు ఏ ఇబ్బందీ పెట్టలేదు. ఇబ్బంది పడింది ప్రవీణ. చున్నీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చునేది.

"ఏమీ అనుకోకండి మామయ్యగారూ. పెట్రోలు వాసనకి కడుపులో తిప్పుతోంది."

"అనుకునేదేముందమ్మా. నేను చూస్తానుగా," అన్నాను.

ఆ శనివారమే చూశాను. వాసన పోయింది. మంచి పని చేశానన్న తృప్తితో సోమవారం, ఏప్రిల్ పన్నెండున, ఆమెను ఎక్కించుకుని బయలుదేరాను. గచ్చిబౌలి దగ్గర యూనివర్సిటీ ప్రహరీ దాటి, రోడ్డుకు రెండు పక్కలా బండరాళ్లు మొదలయ్యేచోట, కారు రెండుసార్లు కుదుపుతో ముందుకు తూలి ఆగిపోయింది.

బానెట్ ఎత్తాను. చూడడానికి అన్నీ సక్రమంగానే ఉన్నాయి. ప్రవీణ చేతి గడియారం చూసుకుంటూ రోడ్డు పక్కన నిలబడింది. ఒక ఆటో వచ్చి ఆగింది. నడిపే అతనికి నలభై ఏళ్లుంటాయి, పేరు సాయిలు, ఖాజాగూడ మనిషి. ఆ వేసవిలో అతనితో నాకు ఇంత పరిచయం అవుతుందని అప్పుడు అనుకోలేదు.

"ఏంది సారూ, గిట్ల ఆగింది? ఫికర్ జేయకుండ్రి. అమ్మను నేను దింపుత."

ఆమెను దింపి అతను తిరిగి వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. నేను చివరిసారిగా తాళం తిప్పి చూశాను. ఇంజను ఒక్క పిలుపుకే పలికింది.

"గదేంది సారూ, అమ్మ దిగంగనె మంచిగైంది?" అన్నాడు సాయిలు. అందులో ఎత్తిపొడుపేమీ లేదు, వట్టి ఆశ్చర్యమే. ఆ మాట నాకు నవ్వు తెప్పించింది. ఇంటికి వచ్చి, భోజనాల దగ్గర, నవ్వుతూ అందరికీ చెప్పాను.

శారదమ్మగారు నవ్వలేదు.

* * *

మరుసటి సోమవారం కూడా ఆగింది. ఆ పై సోమవారం కూడా. దాదాపు అదే చోట. ఒకసారి వంద గజాలు ముందు, ఒకసారి వెనక. ప్రతిసారీ ప్రవీణ దిగి సాయిలు ఆటోలో వెళ్లిపోయేది. ప్రతిసారీ ఆమె వెళ్లిన పావుగంటకో ఇరవై నిమిషాలకో కారు కదిలేది. తిరుగుదారిలో, ఇల్లు దగ్గరపడేటప్పుడు కొంచెం ఆయాసపడేది గాని ఆగేది కాదు. మంగళవారం కూరగాయలకు వెళ్లినా, శుక్రవారం సుబ్బలక్ష్మిని గుడికి తీసుకువెళ్లినా, దానంత బుద్ధిమంతురాలు లేదు.

నేను ఒక నోటుబుక్కు పెట్టాను. తేదీ, బయలుదేరిన వేళ, ఆగిన చోటు, కిలోమీటర్లు, ఆనాటి ఎండ, మళ్లీ కదలడానికి పట్టిన సమయం, అన్నిటికీ గడులు గీశాను. వాకిట్లో వేపచెట్టు నీడన పాత దుప్పటి పరిచి, పనిముట్లు వరసగా పెట్టుకుని, అనుమానితులను ఒక్కొక్కరినే పిలిచాను. స్పార్క్ ప్లగ్గులు విప్పి మసి తుడిచాను. నిప్పురవ్వ నీలంగా, బలంగా వస్తోంది. పాయింట్లు గరకు కాగితంతో రుద్దాను. కండెన్సర్ మార్చాను. కార్బురేటరు విప్పి, సన్నని దారులన్నీ పెట్రోలుతో కడిగి, నోటితో ఊది, మళ్లీ బిగించాను. వాకిట్లో గంటసేపు ఇంజను నడిపినా ఆగలేదు.

శారదమ్మగారు మెట్ల మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూ చూసేవారు.

"ఆ ఇనప ముక్కలన్నీ తోమి తోమి అరగదీస్తున్నారు గాని మరిదిగారూ, నాలుగు నిమ్మకాయలు చక్రాల కింద పెట్టి తొక్కించడానికి మీకు మనసొప్పదు."

"నిమ్మకాయ తొక్కితే టైరు శుభ్రపడుతుంది వదినగారూ. ఆగిపోయేది టైరు కాదు."

"పోనీ ఆ పిల్ల ఎక్కినప్పుడే ఎందుకు ఆగుతోందో మీ పుస్తకంలో రాసుందా?"

"రాయడం కోసమే వెతుకుతున్నాను."

"మీరు వెతకండి. ఈలోగా మా సుబ్బులు కడుపు మండి చస్తోంది. అడుగుపెట్టి మూడు నెలలు కాలేదు," అని, చేటను ఒక్కసారి గట్టిగా చెరిగారు.

ప్రవీణ లోపల గదిలో ఉంది. కిటికీ తెరిచే ఉంది.

ఆ సాయంత్రం శ్యామ్ నా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. నిద్రలేమితో కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నాన్నా, పెద్దమ్మ చెప్పినట్టు ఆ నిమ్మకాయలేవో తొక్కిస్తే ఏం పోయింది? వాళ్లకి తృప్తి."

"తొక్కించాక కూడా ఆగితే?"

అతను కళ్లు నులుముకున్నాడు.

"అప్పుడు నిమ్మకాయలకి కూడా లొంగనంత దోషం ఆ అమ్మాయిలో ఉందంటారు. అది కావాలా నీకు?"

"నాకేం కావాలో నాకే తెలియట్లేదు నాన్నా," అని స్నానానికి వెళ్లిపోయాడు. నాకు అన్నిటికంటే భయం వేసింది ఆ మాటకే.

* * *

మే నెల మొదటి సోమవారం నాకు కారణం దొరికింది. దొరికిందనుకున్నాను.

కారు ఆగగానే కార్బురేటరు మూత విప్పి చూశాను. గిన్నె ఎండిపోయి ఉంది. ఇంజను దాకా పెట్రోలు రావడం లేదన్నమాట. ఎండకు, ఇంజను వేడికి, పెట్రోలు పంపులోనే ఆవిరై, బుడగ కట్టి దారి మూసేస్తుంది. పాత కార్లలో అందరూ ఎరిగిన జబ్బు. మందు కూడా అందరూ ఎరిగినదే. సీసాలో తెచ్చుకున్న నీళ్లతో గుడ్డ తడిపి పంపు మీద చుట్టాను. ఇరవై నిమిషాలకు కారు కదిలింది. నా ఆనందానికి హద్దు లేదు. ఆ రోజు నోటుబుక్కులో "ఆవిరి బుడగ. నిర్ధారణ అయినది" అని రాసి కింద గీత గీశాను.

గుడ్డ చుట్టకపోయినా ఇరవై నిమిషాలకు కదిలేదేనన్న సంగతి నాకు తట్టలేదు. గుడ్డ లేని మూడు సోమవారాలు ఆ పుటలోనే, ఆ గీతకు పైననే ఉన్నాయి.

తరువాతి సోమవారం బయలుదేరకముందే తడిగుడ్డ చుట్టాను. ఆగింది. గుడ్డ ఆరిపోయి ఉంటుందనుకుని, ఆ పై వారం గోనెసంచి చుట్టాను. ఆగింది. పంపు లోపలి తోలు పొర మార్చాను. ఆగింది.

"సారూ, సోమారం వస్తె నా బోణి మీదే," అన్నాడు సాయిలు, ప్రవీణను ఎక్కించుకుంటూ. తరువాత నా వైపు వంగి, గొంతు తగ్గించి, "మా బస్తీల ఒకాయన ఉన్నడు. తాయెత్తు కడ్తడు. మనుషులకే గాదు, మోటర్లకు గూడ."

"నా తాయెత్తు ఇదిగో, చుట్టాను," అని గోనెసంచి చూపించాను. అతనికి అర్థం కాలేదు. నిజానికి నాకూ కాలేదు.

ఇక ప్రయోగం ఒక్కటే మిగిలింది. మే ఇరవై ఏడో తేదీ, గురువారం. అదే వేళకు, అదే దారిలో, అదే వేగంతో, ఒంటరిగా బయలుదేరాను. ప్రవీణ లేకుండా కారు ఆగితే వదంతి ఆనాటితో చచ్చిపోతుంది. జీవితంలో ఒక యంత్రం పాడవాలని అంతగా కోరుకున్న రోజు మరొకటి లేదు. యూనివర్సిటీ ప్రహరీ దాటాను. బండరాళ్లు వచ్చాయి. పాదం తేలిక చేసి కుదుపు కోసం ఎదురుచూశాను. బండరాళ్లు వెనక్కి వెళ్లిపోయాయి. కొత్తగూడ దాటింది. మాదాపూర్ వచ్చింది. గుండ్రటి భవనం ముందు కారు ఆపి, అద్దాల మీద ఎండ పడుతుంటే చాలాసేపు కూర్చున్నాను. అక్కడినుంచి వెనక్కి, ఇంటిదాకా, ఎక్కడా తడబడలేదు.

గుమ్మంలోనే సుబ్బలక్ష్మి ఎదురైంది. ఆమె వెనుక శారదమ్మగారు. వంటింటి తలుపు దగ్గర, బాక్సులో అన్నం సర్దుకుంటూ ప్రవీణ.

"ఏమండీ, ఆగిందా?"

ఆగిందని చెప్పవచ్చు. ఆ ఒక్క మాటతో ఇల్లు కుదుటపడేది. ఎవరూ నోటుబుక్కు అడగరు. కాని ముప్పై ఒక్క ఏళ్లు పిల్లలకు నేను చెప్పింది ఒకే ఒక్క సంగతి: రావలసిన ఫలితం రాయకు, వచ్చిన ఫలితం రాయి.

"ఆగలేదు," అన్నాను.

శారదమ్మగారికి ఇక ఏదైనా అనవలసిన అవసరం తీరిపోయింది. ప్రవీణ బాక్సు మూత పెట్టి, పైన కొక్కెం బిగించి, అది సరిగా పడిందో లేదో రెండుసార్లు నొక్కి చూసుకుంది.

"మామయ్యగారూ, వచ్చే సోమవారం నుంచి నేను ఐదున్నరకే బయలుదేరి లింగంపల్లిలో బస్సు అందుకుంటాను. మీకు శ్రమ వద్దు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని ఈనాటికీ అనుకుంటాను.

* * *

జూన్ అంతా కారు ఒక్కసారి కూడా ఆగలేదు. బజారుకూ గుడికీ తప్ప అది ఎక్కడికీ వెళ్లలేదని నేను చెప్పిన మాట ఎవరికీ వినిపించలేదు. కిష్టమ్మ పాలు పోస్తూ, "ఇగ బండి మంచిగ నడుస్తున్నదంట గద అమ్మా," అని సుబ్బలక్ష్మిని పలకరించింది.

వానలు పడ్డాయి. ఆషాఢం దగ్గరపడింది. కొత్త కోడలు ఆ నెల అత్తగారి గడపలో ఉండకూడదన్నది మావాళ్ల ఆనవాయితీ. నంద్యాల వెళితే ఉద్యోగం పోతుంది కాబట్టి, అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టల్‌లో గది చూశాడు శ్యామ్. నెల రోజులే అన్నారు అందరూ. అవసరమైనదానికంటే ఎక్కువసార్లు అన్నారు.

బయలుదేరే రోజు జూలై పన్నెండు, సోమవారం. రెండు సూట్‌కేసులు ఒక్కతే మోసుకుని బస్సులో వెళ్లలేదు కాబట్టి నేనే దింపుతానన్నాను. ముందు రోజు సాయంత్రం ఎప్పటిలా టాంకు నింపించాను. ఉదయం సూట్‌కేసులు తీసుకురావడానికి ఆమె గదికి వెళితే, చిన్న సూట్‌కేసు ఇంకా తెరిచి ఉంది. బట్టల మీద నీలం రంగు ఫైలు ఉంది. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా సర్టిఫికెట్లన్నీ అందులోనే ఉంటాయని నాకు తెలుసు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు నకళ్లు తీయించి తెచ్చింది నేను.

నెల రోజుల కోసం వెళ్లేవాళ్లు సర్టిఫికెట్లు పట్టుకెళ్లరు. నేను చూశానని ఆమె చూసింది. సూట్‌కేసు మూసి తెచ్చి వెనక సీటులో పెట్టాను.

సన్నని జల్లు పడుతోంది. చల్లటి గాలి. ఆవిరి బుడగ కట్టే ప్రసక్తే లేదు. యూనివర్సిటీ ప్రహరీ దాటాక, బండరాళ్ల దగ్గర, కారు రెండుసార్లు కుదిపి ఆగింది.

స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచి కూర్చున్నాను. నా సిద్ధాంతాలన్నీ అయిపోయాయి. నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం, పక్కన కూర్చున్న ఆ అమ్మాయి వైపు చూడడానికి నాకు భయం వేసింది. ఆ క్షణాన్ని నేను నోటుబుక్కులో రాయలేదు. ఇక్కడ రాస్తున్నాను.

సాయిలు ఆటో మా వెనకే వచ్చి ఆగింది. "దిగుండ్రి అమ్మా, తడుస్తరు. నేను దింపుత."

ప్రవీణ దిగలేదు. డాష్‌బోర్డు మీద ఉన్న నా నోటుబుక్కు తీసి పుటలు తిప్పుతోంది.

"ఒక్క నిమిషం అన్నా," అంది సాయిలుతో. తరువాత నాతో, "వెళ్లేముందు నాకు తెలియాలి మామయ్యగారూ. నా వల్లే అయితే నా వల్లే. కాని తెలియాలి."

"అడుగమ్మా."

"ఇందులో సోమవారం కాని పెద్ద ప్రయాణం ఒకటే ఉంది. గురువారంది. ఆ రోజు నేను లేకపోవడం కాక ఇంకేం తేడా?"

"ఏమీ లేదు. అన్నీ అవే."

"పెట్రోలు?"

"పెట్రోలు ఉంది."

"ఉందనే రాశారు. ఎంత ఉందో రాయలేదు. మా ఆఫీసులో ఇలాంటి పట్టిక ఇస్తే వెనక్కి పంపుతారు."

"సోమవారాలు నిండుగానే ఉంటుంది. ఇప్పుడూ నిండుగానే ఉంది. ముల్లు చూడు."

"ముల్లు చూపిస్తోంది. మీరు తీసి చూశారా?"

చూడలేదు. కొంచెం చిరాకుగానే దిగి, కారు వెనక పక్కకు వెళ్లి, టాంకు మూతకు తాళం తిప్పాను. మూత రాలేదు. లోపలినుంచి ఎవరో పట్టుకున్నట్టు బిగుసుకుని ఉంది. రెండు చేతులా తిప్పాను. ఉన్నట్టుండి వదిలింది. వదిలినప్పుడు, నీళ్లలో మునిగినవాడు పైకి తేలి ఊపిరి పీల్చినట్టు, టాంకు పొడుగ్గా గాలి పీల్చుకుంది.

సాయిలు ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఏంది సారూ అది?"

వానలో నిలబడి నా చేతిలోని మూతను చూస్తున్నాను. దాని నడుమ, గట్టిపడిన బూడిదరంగు ముద్ద ఒకటి ఉంది. దాని మీద నా బొటనవేలి ముద్ర స్పష్టంగా ఉంది.

స్క్రూడ్రైవరుతో ముద్దను పెళ్లగించాను. కింద గుండుసూది తల దూరేంత రంధ్రం. "పిన్నీసు ఉందా అమ్మా?" అని అడిగితే ప్రవీణ చున్నీకి పెట్టుకున్నది తీసి ఇచ్చింది. రంధ్రం పొడిచి, మూత బిగించి, వచ్చి కూర్చున్నాను. ఇరవై నిమిషాలు ఆగలేదు. తాళం తిప్పాను. ఆమె నా పక్కనే ఉంది. ఇంజను పలికింది.

"ఇయ్యాల నా బోణి పాయె," అన్నాడు సాయిలు, నవ్వుతూ.

దారిలో ఆమెకు చెప్పాను. పెట్రోలు తగ్గుతున్నకొద్దీ ఆ జాగాలోకి గాలి రావాలి. రాకపోతే లోపల ఒత్తిడి పడిపోయి, పంపు ఎంత గుంజినా పెట్రోలు కదలదు. టాంకు నిండుగా ఉంటే పైన ఖాళీ చాలా తక్కువ, కనుక పన్నెండు కిలోమీటర్లకే ఆ గతి పడుతుంది. కాసేపు ఆగితే మూత అంచుల సందుల్లోంచి కొంత గాలి దూరుతుంది.

"గురువారం?"

"అప్పటికి ఐదారు లీటర్లు వాడేశాం. పైన కావలసినంత ఖాళీ. ఆ కాస్త దూరానికి తెలియదు." గేరు మార్చి అన్నాను, "ఈ సూత్రం ఏటా జూలైలో బోర్డు మీద రాసేవాణ్ణమ్మా. ముప్పై ఒక్కసార్లు."

ఆమె కిటికీ వైపు తిరిగింది. నవ్విందో ఏడ్చిందో నేను చూడలేదు. మాదాపూర్, జూబ్లీహిల్స్ దాటి అమీర్‌పేట దాకా కారు ఎక్కడా ఆగలేదు.

హాస్టల్ గేటు దగ్గర పెద్ద సూట్‌కేసు దింపాను. చిన్నది తీయబోతే ప్రవీణ నా చెయ్యి ఆపింది.

"అది ఇంట్లో ఉంచండి మామయ్యగారూ. నెల రోజులేగా."

తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. సుబ్బలక్ష్మీ, శారదమ్మగారూ వసారాలో కూర్చుని ఉన్నారు. శ్యామ్ నిద్ర లేచి గుమ్మానికి ఆనుకుని ఉన్నాడు. నా చేతిలో చిన్న సూట్‌కేసు చూసి ముగ్గురూ నా ముఖం వైపు చూశారు.

జేబులోంచి ఆ బూడిదరంగు ముద్ద తీసి శారదమ్మగారి చేటలో, బియ్యం పక్కన పెట్టాను. పెట్రోలు టాంకు మూతకు ఒక రంధ్రం ఉంటుంది, గాలి పోవడానికి. అది తుప్పు పట్టిన చిల్లు అనుకుని, వాసన రాకుండా, ఏప్రిల్ పదో తేదీ శనివారం సాయంత్రం ఎం-సీల్ పెట్టి మూసింది నేను.